లారీ బొమ్మ ఉన్న రాయి

బ్రేకులు బాగుచేసినవాడు, ఆ బండి మొదటిసారి ఘాటీ రోడ్డు దిగేటప్పుడు మన పక్కన కూర్చుని దిగాలి. డబ్బు కిందికి చేరాకే అతని చేతిలో పెట్టాలి. మా వైపు డ్రైవర్లందరిదీ ఇదే పద్ధతి. తన పనిని తానే నమ్మనివాడికి మనమెందుకివ్వాలి? అందుకే ఆ ఉదయం మెకానిక్ సుక్రాం షెడ్డు ముందు అంత గొంతు చేసుకున్నాను.

మావాడు ఉమామహేష్‌ది కిరందుల్ గనిలో ఉద్యోగం. కోడలు భానుశ్రీకి కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం జగదల్‌పూర్ తీసుకెళ్ళి డయాలసిస్ చేయించకపోతే పిల్ల దక్కదు. అంతకుముందు వారం ఘాటీ దిగుడులోనే బ్రేకు పడక, మట్టిదిబ్బను గుద్దుకుని ఆగాం. కారును ఘాటీ పైనున్న సుక్రాం దగ్గర వదిలాం. ఆరోజు పక్క క్వార్టరు గవర్రాజు మమ్మల్ని తన బండిలో తెచ్చి అక్కడ దింపాడు.

సుక్రాం అడిగిన మొత్తం వినగానే మరీ ఎక్కువనిపించింది. మా కారులోంచి తీసేసిన పాత సామాన్లు గవర్రాజు తిరగేసి చూశాడు. బ్రేకు నూనె పారే రబ్బరు గొట్టం తీసి నా చేతికిచ్చాడు.

"ఇది సుబ్బరంగా ఉంది పిన్నీ! బిల్లు పెంచడానికే మార్చీసాడు. సగానికి తెగ్గొట్టు" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయాడు.

గొట్టం అటూ ఇటూ వంచి చూశాను. చిన్న పగులైనా లేదు. నాకు ఒళ్ళు మండింది.

"ఏటయ్యా, బాగున్నదాన్ని మార్చీసి మా నెత్తిన రుద్దుతావా? మేం కష్టంలో ఉన్నామని తెలిసేనా?"

"తగ్గియ్యనమ్మా" అన్నాడు సుక్రాం తల దించుకుని.

"సరే, ఎక్కు. కింద మాటాడుకుందాం."

"నేను రాను. ఈ దిగుడు నేను దిగను. పైసలు మల్లొచ్చినప్పుడియ్యండి."

ఇంకేముంది! "సూసావేట్రా నాయనా! సేసినోడే ఎక్కనంటన్నాడు. ఈ కారులో పిల్లనెలా తీసికెళ్తావురా?" అని కొడుకు మీద అరిచాను. ఉమామహేష్ గడియారం చూసుకున్నాడు. ఆసుపత్రి వేళ దాటిపోతోంది, మరో బండి లేదు.

అప్పుడు భానుశ్రీ వాచిన కాళ్ళీడ్చుకుంటూ సుక్రాం దగ్గరికి వెళ్ళింది. "అన్నా, నాకూ భయంగానే ఉంది. నువ్వు కూర్చుంటే నేనూ కూర్చుంటాను" అంది. సుక్రాం దాని కాళ్ళకేసి చూశాడు. చేతులు గుడ్డకు తుడుచుకుని ముందు సీట్లో కూర్చున్నాడు.

మలుపులు మొదలయ్యాయి. నేను రోడ్డు చూడలేదు. వెనక నుంచి సుక్రాం కుడికాలినే చూస్తూ కూర్చున్నాను. అక్కడ బ్రేకు లేదు, ఏమీ లేదు. అయినా ప్రతి మలుపులో ఆ కాలు నేలను తొక్కుతూనే ఉంది. కారు మాత్రం ఎక్కడ ఆపమంటే అక్కడ ఆగింది.

దిగుడు చివర నీలం లారీ బొమ్మ వేసిన నిలువురాయి ఒకటుంది. ట్రాన్స్‌పోర్టువాడి ప్రకటన కాబోలు, పాపం ఫోను నంబరు రాయడం మరిచాడని గవర్రాజూ నేనూ ఎన్నిసార్లు నవ్వుకున్నామో! అది కనబడగానే "ఆపు బాబూ" అన్నాడు సుక్రాం.

దిగి, ఆ రాయి ముందు చతికిలబడ్డాడు. దారంతా నేలను తొక్కీ తొక్కీ తెగిన అతని కుడికాలి చెప్పు కారులోనే ఉండిపోయింది.

"నా కొడుకు లచ్చుది" అన్నాడు. "మావోళ్ళల్ల పోయినోనికి రాయి నిలబెట్టి, వానికి ఇష్టమైంది గీస్తం. లారీ అంటే పానం వానికి."

నేనూ ఉమామహేష్ కారు దిగి అతని వెనక నిలబడ్డాం.

"ఆ లారీ షావుకారు గూడ పైసలు తగ్గియ్యమన్నడు. గొట్టం మంచిగనే ఉన్నది, నడుస్తదన్నడు. నేను సరే అన్న. ఆ పొద్దు నాకు జరం. నా బదులు వాడు కూకున్నడు. గొట్టం ఈడనే పగిలింది." అరచేత్తో బొమ్మ మీది ఎర్ర దుమ్ము తుడిచాడు. "మీ గొట్టం గూడ ఇంకో ఏడు నడుస్తదేమో, నాకేమెరుక. కానీ నడుస్తదని నా నోటితోటి మల్ల అనలేనమ్మా."

నాకు ఏడుపు ఆగలేదు. అతని పక్కనే నేలమీద కూలబడ్డాను. ఉమామహేష్ డబ్బు తెచ్చి, మరికొంత కలిపి ఇవ్వబోయాడు. సుక్రాం ఆ ఎక్కువది తీసి వెనక్కిచ్చాడు. కారులోంచి తెగిన చెప్పు తీసి చేతబట్టుకుని, పైకి పోయే ఏ బండినీ ఆపకుండా, ఘాటీ నడిచే ఎక్కసాగాడు.

ఆసుపత్రిలో భానుశ్రీని మిషను దగ్గర పడుకోబెట్టాక గవర్రాజు ఫోను చేశాడు.

"ఎంతకి తెగ్గొట్టీసావు పిన్నీ?"

"తెగ్గొట్టనేదురా. నీ బండి గొట్టం ఎప్పుడు మార్పించావు?"

"బాగానే ఉంది పిన్నీ, నడుస్తంది."

"ఆ మాటనకురా" అన్నాను. "రేపే సుక్రాం దగ్గరికెళ్ళు. ఎంతడిగితే అంతిచ్చీ."