ఒకే పేరున్న రెండు టీవీలు

ఆ చీర మామిడిపండు రంగే, ఇద్దరికీ అదే రంగు, అదే అంచు, మేడ మీద తీగకు పక్కపక్కనే ఆరేస్తే ఏది నాదో ఏది తోడికోడలు వినూతక్కదో ఆ చీరలకే తెలియాలి, అత్తమ్మ ఏది తెచ్చినా ఇద్దరికీ జతగానే తెచ్చేది, ఒకదానికి ఎక్కువ ఒకదానికి తక్కువ అనే మాట నా ఇంట్లో రాకూడదు అనేది, బెంగుళూరు రోడ్డులోని మా బట్టల అంగట్లో తానుల మధ్య కూచుని వెతికి వెతికి, రెండోది దొరక్కపోతే మొదటిది కూడా వదిలేసి వచ్చేది, ఇదిగో ఈ టీవీ కూడా అట్లా వచ్చిందే, మాకొకటి, అక్కవాళ్లకొకటి, ఒకే రోజు, ఒకే ఆటోలో, ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలకు పరదా సందులోంచి దూరిన ఎండ దాని నల్లటి అద్దం మీద నీళ్లలా కదులుతోంది, ఫ్యాను తిరుగుతోంది, నాకు నిద్రా కాదు మెలకువా కాదు, చేతిలో ఫోను, ఫోనులో అత్తమ్మ.

పదకొండు నెలలైంది ఆమె పోయి, వచ్చే నెల సంవత్సరీకం, పటం కట్టించాల, మంచి ఫోటో ఉంటే చూడు సుచరితా, అని మా ఆయన దీపక్ పొద్దున అంగడికి పోతూ చెప్పాడు, చూస్తూ చూస్తూ ఈ వీడియో దగ్గర ఆగిపోయాను, ఆఖరి వారంలో తీసింది, ఫోనులో ఆమె ముఖం చింతగింజంత ఉంది, పెద్దగా చూడాలనిపించింది, టీవీకి పంపే గుర్తు నొక్కాను, ఎప్పటిలాగే రెండు పేర్లు వచ్చాయి, అక్షరం తేడా లేకుండా రెండూ ఒకటే పేరు, పైనున్నది మాది, ఎప్పుడూ పైదే నొక్కుతాను, నొక్కాను, మా టీవీ నల్లగానే ఉంది, ఎండ అట్లాగే కదులుతోంది, ఇంతలో గోడ అవతల అత్తమ్మ దగ్గింది, రెండు చిన్న దగ్గులు, తర్వాత గొంతు సవరించుకోవడం, ఒక్క క్షణం ఆమె బతికే ఉంది, పక్క గదిలోనే ఉంది, మజ్జిగ కలుపుకుని పోవాలి అనుకుని సగం లేచాను కూడా.

తర్వాత గుర్తొచ్చింది, పక్క గది ఇప్పుడు మాది కాదు, అన్నదమ్ములు ఈ గాంధీనగర్ ఇల్లు పంచుకున్నప్పుడు గంగాళాలు, ఉయ్యాల, దేవుడి పటాలు అన్నీ పంచారు, నడిమింట్లో ఇటుకల గోడ లేపారు, వైఫై మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు, అది ఇప్పటికీ రెండిళ్లకూ ఒకటే, పైనుండే పేరు ఇవాళ కిందికి దిగిందేమో, నేను అత్తమ్మను అక్క గదిలోకి పంపించేశాను, ఈ వేళకు అక్క అక్కడే చాప మీద నడుం వాలుస్తుంది, ఆమె ఎదుట టీవీ దానంతటదే వెలిగి ఉంటుంది.

ఆపే గుర్తు మీద బొటనవేలు పెట్టాను, ఇంకా నలభై సెకన్లుంది, తర్వాత ఏమొస్తుందో నాకొక్కదానికే తెలుసు, వినూత యాడికి పోయిందే, కనపడ్లే, అని అత్తమ్మ అడుగుతుంది, సిరిగేరికి పోయింది కదా అత్తమ్మా, వాళ్లమ్మ ఇంటికి, అంటుంది ఫోను వెనక నా గొంతు, ఒకసారి పిల్చవే, దాన్ని చూడాలనిపిస్తాండాది, అంటుంది, పిలుస్తా లెండి, ముందర ఈ గంజి తాగండి, అంటాను, నేను పిలవలేదు, మరిచిపోయి కాదు, పని అడ్డమొచ్చీ కాదు, అక్క ఊర్లో లేని ఆ నాలుగు రోజులు అత్తమ్మ నాకొక్కదానికే ఉంది, పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో జత లేకుండా నాకు దొరికింది అదొక్కటే, ఇంకొక్క రోజు అనుకున్నాను, తెల్లారేసరికి ఆమె లేదు, సిరిగేరి నుంచి పరుగున వచ్చిన అక్క నా చెయ్యి పట్టుకుని, నన్నేమన్నా అడిగిందా సుచరితా, అంటే, లేదక్కా, ఎవర్నీ అడగలే, అన్నాను, అప్పట్నుంచి ఆ మామిడిపండు రంగు చీర అక్క కట్టలేదు, పెరటి పిట్టగోడ మీదుగా పులుసు గిన్నె అందుకుంటూ, ఆమెకు నువ్వంటేనే ప్రాణం లేవే, అని ఒకసారి నవ్వింది, ఆ నవ్వుకు నాకు మూడు రోజులు అన్నం సయించలేదు.

ఆ మాట రావడానికి ఇంక పది సెకన్లు, నొక్కితే చాలు, పొరపాటున వచ్చిందక్కా అనొచ్చు, అది నిజమే కూడా, వేలు కదలడం లేదు, వేలికేమైందా అని చూశాను, ఏమీ కాలేదు, నేనే నొక్కడం లేదు, గోడ అవతల అత్తమ్మ అడిగింది, నా గొంతు అబద్ధమాడింది, సాకు సాకు, ఇంక చాలు, గంజి వద్దు, వినూతను పిల్చు, అంది అత్తమ్మ, అంతటితో అయిపోయింది, గోడకు బాగా దగ్గరగా గాజుల సవ్వడి, సుచరితా, అంది అక్క, ఇంకోసారి పెట్టవే.

కోపంగా అని ఉంటే బాగుండేది, ఫోను పట్టుకుని లేచాను, వినూతను పిల్చు అన్న ఆ మాట నాది కాదు, అక్కకు అందించమని అత్తమ్మ నా చేతికిచ్చింది, జతలో రెండోది నా దగ్గరే దాచుకున్నాను, ఎండకు వాకిలి బండలు కాలుతున్నాయి, చెప్పులు వేసుకోలేదు, ఇంకోసారి పెట్టడం గోడ ఇవతలి నుంచి అయ్యే పని కాదు, అక్క పక్కన చాప మీద కూచోవాలి, లేదక్కా అన్న ఈ నోటితోనే, అడిగిందక్కా, నేనే పిలవలేదు, అని చెప్పాలి.