దారిచ్చే గోడలు

పొద్దున్నే వెల్లుల్లి అన్నం తిని, ఏడు గంటలకల్లా నెస్తోర్ తన ఏడు సీట్ల బండి తీసేవాడు. మనీలాలో ఆ సందుకు ఆయన కగవాద్, అంటే జనం ఓట్లేసి గెలిపించిన వార్డు సభ్యుడు. సందేమో ఇరుకు, బండేమో ఏనుగంత. అయినా ఎక్కడా గీసుకునేది కాదు. మలుపు దగ్గర పురా అనే ముసలావిడ ఇంటి గోడ మర్యాదగా ఓ అంగుళం వెనక్కి జరిగేది. జరిగింది మళ్లీ ముందుకొచ్చేది కాదు. చోటు దొరికిందని మర్నాడు ఆయన ఇంకాస్త జోరుగా తిప్పేవాడు, గోడ ఇంకాస్త జరిగేది. అది ఎవరికీ వింతగా తోచలేదు.

మనిషి నడవడానికి చోటు మిగలని సందుల్లో పెద్ద బండ్లు ఆపెయ్యాలని సభలో తీర్మానం పెట్టారు. తమ సందు కొలిచే పని నెస్తోర్‌కే పడింది. బండి పోగా మనిషికి మూడడుగులు మిగిలాయి. ఊపిరి పీల్చుకుని, చోటు చాలుతుందని కాగితం మీద రాసేశాడు.

బట్టలుతికి బతికే డెబ్బై ఏళ్ల పురా గుమ్మంలోంచి పిలిచింది. "ఆ చేత్తోనే నా గది కూడా కొలువు, నాయనా."

లోపల గోడకీ గోడకీ మధ్య మూరన్నర. ఒక కుర్చీ, మడిచి నిలబెట్టిన చాప.

"ఆలింగ్ పురా," అని పెద్దావిడకిచ్చే మర్యాదతో పిలిచాడు నెస్తోర్. "పడుకునేదెక్కడ?"

"కూర్చునే నిద్ర. నీ బండి కాళ్లు చాపుకోవాలిగా మరి!"

ఆమె పాదాలు వాచి ఉన్నాయి. నెస్తోర్ సిగ్గుతో చచ్చిపోయాడు. "ముందే చెప్పొచ్చుగా?"

"రోజూ అద్దంలోంచి చెయ్యూపుతూనే వెళ్లావు. కనిపిస్తోందనుకున్నా."

రాసింది కొట్టేసి, ఆమె గది కొలత రాశాడు. తీర్మానం నెగ్గింది. బండి మెయిన్ రోడ్డు దాటి లోపలికి రాలేదు. అయినా చేసిన తప్పు ఆయన్ని తొలుస్తూనే ఉంది. గోడ పోయిన చోటే ఉండిపోయింది.

మర్నాడు నడిచి వస్తుంటే, మలుపులో పురా బట్టల తొట్టెతో ఎదురైంది. నెస్తోర్ పక్కకు ఒదిగి దారిచ్చాడు. ప్యాంటు నడుం దగ్గర వదులైంది. పురా ఇంటి గోడ అంగుళం ముందుకు వచ్చింది.

"కగవాద్ చిక్కాడే," అనుకుంటూ జనం పనులకు పోయారు.

అప్పట్నించి రోజూ ఏడింటికి ఆయన ఆ మలుపులో ఆమె కోసం నిలబడుతున్నాడు. పురా కాళ్లు చాపుకుని పడుకోవాలంటే ఇంకా ముప్ఫై అంగుళాలు కావాలి. తన ఒంట్లో అంత ఉందో లేదో ఆయన కొలుచుకోలేదు.