పెంటయ్య డాబా ఉన్నచోట

నేను ఒక మెట్రో స్టేషన్ని. హైదరాబాదులో నడిరోడ్డు మీద, స్తంభాలపైన నిలబడి ఉంటాను. నన్ను ఒక్కచోట పోయలేదు. ఊరి బయట కాంక్రీటు ముక్కలు ముక్కలుగా పోసి, లారీల్లో తెచ్చి, క్రేన్లతో పైకెత్తి అతికించారు. అందుకేనేమో, ఏదీ నా లోపలిదాకా దిగదు. ప్రారంభం రోజున బంతిపూల దండలు కట్టారు. మర్నాటి నుంచి నన్ను చూసినవాళ్లు లేరు. ఎక్కేవాళ్లు ఫోను చూస్తారు, దిగేవాళ్లు మెట్లు చూస్తారు.

నేనున్నచోట బాలమణి ఇల్లుండేది, ఇంటిమీద డాబా ఉండేది. నా కోసం రోడ్డు వెడల్పు చేస్తూ ఆ ఇల్లు తీసుకున్నారు. ఇల్లు పోతుందన్న కబురు విన్న నెలకే ఆమె భర్త పెంటయ్య పోయాడు. బాలమణి తార్నాకలో మరిది పంచన చేరింది.

సంవత్సరీకం నాడు మరిది డాబామీద విస్తరి పెడితే కాకి రాలేదు. ఆ తర్వాతి ఏళ్లలోనూ రాలేదు. పెంటయ్యకు ఆ ఇల్లు కొత్త కదా, తెలిసినచోటే వెతుక్కుంటుంటాడని బాలమణికి తోచింది. నేను తెరుచుకున్నాక, ఆ తిథి నాడు విస్తరాకు, స్టీలు డబ్బాలో అన్నం, కోడికూర పట్టుకుని, టికెట్టు కొనుక్కుని నా దగ్గరికి వచ్చింది.

తనిఖీ యంత్రం డబ్బాను చూసి ఊరుకుంది. ప్లాట్‌ఫారం చివర ఆమె ఆకు పరిచి వడ్డిస్తుంటే మాత్రం గార్డు పర్వీన్ వచ్చి, ఇక్కడ తినకూడదని చెప్పింది.

"నేను తినేతందుకు కాదు బిడ్డా. మా ఆయనకు."

పర్వీన్ చుట్టూ చూసింది. "ఆయనేడున్నడమ్మా?"

"గిదే మా డాబా" అంది బాలమణి.

 పర్వీన్ కెమెరాకు అడ్డంగా నిలబడి, "జల్ది కానియ్యమ్మా. మా సారొస్తే నన్ను తిడ్తడు" అంది.

కాకి వచ్చింది. వచ్చి నా రేకు అంచున వాలింది. పావురాలు రాకుండా ఆ చివర నాకు వల కట్టారు. పావురాలు ఎలాగో దూరిపోతాయి. కాకి మాత్రం వల అవతలే ఉండిపోయింది.

కాకి ముట్టకపోతే పోయినవాళ్ల కోరికేదో మిగిలిపోయిందంటారు. దాన్ని తీరుస్తామని పైకి చెప్పాలట. బాలమణి చేతులు జోడించింది. కూరగాయలు బేరమాడినంత మామూలుగా అంది.

"ఇల్లు మాత్రం అడగకు. అది నా చేతుల లేదు. ఇంకేమన్న అడుగు."

కాకి మెడ తిప్పింది. అంతలో రైలొచ్చింది. కాకి లేచిపోయింది.

ఆమె ఫోను మోగింది. మరిది భార్య. కాకి ముట్టేదాకా ఆ ఇంట్లో ఎవరూ మెతుకు నోట పెట్టరు. పిల్లలు పొద్దుటి నుంచి ఆకలితో నకనకలాడుతున్నారట. ముట్టిందా అని అడుగుతోంది.

బాలమణి ఆకు వంక చూసింది. అన్నం మీద పెట్టిన కోడిముక్క కూడా కదలలేదు.

"ముట్టింది" అంది. "మీరు తినుండ్రి."

ఆకు మడిచి డబ్బాలో పెట్టుకుంది. పర్వీన్ కెమెరా ముందు నుంచి తప్పుకుంది. తర్వాతి రైల్లో ఎవరో లేచి చోటిస్తే బాలమణి కూర్చుంది. తలుపులు మూసుకున్నాయి.

ఆ మధ్యాహ్నం ఆ ఇంట్లో అందరూ తినే ఉంటారు. ఆమె తిన్నదో లేదో నాకు తెలియదు.