పిల్లనడగబోయిన మొఖం

మమొరే నది పొంగి చర్చిలో బల్లలు తేలిన ఏడు అది. నీళ్ళు తీశాక, సతుర్నీనో తన కొడుకు ఎలోయ్‌ని వెంటబెట్టుకుని, వాడికి పిల్లనడగడానికి ఎర్లాన్ ఇంటికి బయల్దేరాడు. కొండమీది చలిసీమ వదిలి ఈ పల్లానికి దిగి చాలా ఏళ్ళయినా, అతనికి తెలిసింది కొండమీది పద్ధతే. అక్కడ పిల్ల తండ్రి మొదట తలుపు తియ్యడు. తీసినా తిట్టి పంపుతాడు. కూతురంటే ప్రాణం పెట్టేవాడు అలాగే మండిపడతాడు. అడగవచ్చినవాడు మొఖం బిగించుకుని అన్నీ పడాలి. నవ్వాడా, పిల్లను తేలిక చేసినట్టే.

కానుకగా తెచ్చిన కోకా ఆకు మూటతో ఇద్దరూ వాకిట్లో అడుగుపెట్టగానే ఎర్లాన్ ఉయ్యాల దిగి ఎదురొచ్చాడు. భుజం చరిచాడు. అరటికాయా ఎండుమాంసమూ కలిపి దంచిన ముద్ద పెట్టించాడు.

“ఏం బావా, మా నైదా వట్టి పెంకి ఘటం. దాన్ని తోలుకుపోతానంటే పడవెడు అరటిగెలలు నేనే ఎదురిస్తా,” అని పకపకా నవ్వాడు.

సతుర్నీనోకు కూర్చున్నచోట ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. కన్నకూతుర్ని ఇలా పారేసేవాడుంటాడా? తమను ఆటపట్టిస్తున్నాడు. సతుర్నీనో ముద్ద ముట్టలేదు, పెదవి కదపలేదు. ఎర్లాన్ ఇంకో హాస్యం విసిరాడు, ఇంకొకటి విసిరాడు. చివరికి అతని నవ్వు ఆరిపోయింది.

“ఇష్టం లేనప్పుడు ఎందుకొచ్చినట్టు? మా గడప అంత లోకువా? రేపటి పడవకి పిల్లని మా అక్క దగ్గరికి పంపేస్తా. నడు.”

సతుర్నీనోకు ప్రాణం కుదుటపడింది. ఇప్పుడు కదా తండ్రిలా మాట్లాడాడు. ఇంకో రెండుసార్లు వెళ్తే ఒప్పుకుంటాడని దారిలో కొడుక్కి ధైర్యం చెప్పాడు. ఎలోయ్ నిలబడిపోయాడు.

“మర్యాదకి తిట్టడం కాదు నాన్నా అది. ఇక్కడ పిల్లనిచ్చేవాడు నవ్వుతాడు. నువ్వు చేదు మింగినట్టు కూచున్నావు. నైదాని మనం వద్దనుకున్నామని ఆయనకి మండింది.”

ఆ సాయంత్రం సతుర్నీనో ఇంట్లో నిలవలేకపోయాడు. రేవు దాకా పోయాడు, తిరిగొచ్చాడు, మళ్ళీ పోయాడు. ఎర్లాన్ నొసలు గుర్తు చేసుకున్నాడు. కొండమీద చూసిన నొసళ్ళూ అలాగే ముడిపడేవి. ఏది ఉత్తుత్తి కోపమో ఏది నిజమో ఆ ముడిలో తెలియలేదు. పెరట్లో నిలబడి నవ్వడానికి ప్రయత్నిస్తుంటే పన్ను నొప్పా అని పెళ్ళాం అడిగింది.

మర్నాడు పొద్దున్నే వట్టి చేతులతో రేవుకి వెళ్ళాడు. ఎర్లాన్ కూతురి పెట్టెను పడవ పక్కన దించుతున్నాడు. నైదా ఇంకా గట్టు మీదే ఉంది.

“నా మొఖం చూడకండి ఎర్లాన్ గారూ, మాట వినండి. మీ పిల్ల మాకు కావాలి,” అన్నాడు సతుర్నీనో.

ఎర్లాన్ పడవవాణ్ణి కేకేశాడు. సతుర్నీనో వెళ్ళి ఆ పెట్టె మీద కూర్చున్నాడు. పడవ కూత వేసి, కదిలి, వంపు దాటిపోయేదాకా లేవలేదు.