స్టేషన్లో మేకను మరిచిపోయిన ఆవిడ

హైస్కూలు పిల్లలకు ఇంగ్లీషు రాదని విద్యాశాఖకు ఉన్నట్టుండి తెలిసింది. పిల్లలకు ఆ సంగతి ఎప్పట్నుంచో తెలుసు. తల్లిదండ్రులకు తెలుసు. పాఠం చెప్పే మాస్టార్లకైతే అందరికంటే బాగా తెలుసు. శాఖకే కబురు కాస్త ఆలస్యంగా అందింది. ఇకమీదట పిల్లలు ఇంగ్లీషు విని అర్థం చేసుకోగలరా, చదివి అర్థం చేసుకోగలరా అన్నది పరీక్ష పెట్టి తేల్చాలని వెంటనే ఉత్తర్వు పంపింది. వినడానికి పది మార్కులు, చదవడానికి పది.

ఉత్తర్వుతో పాటు ప్రతి బడికీ ఒక స్పీకరు పెట్టె వచ్చింది. జవాబుల కీ మాత్రం రాలేదు. కీ పంపితే బయటికి పొక్కుతుందట. అందుకని ఏ బడి ఇంగ్లీషు మాస్టారు ఆ బడిలోనే రికార్డు విని, కీ తానే తయారుచేసుకుని, దాని ప్రకారం పేపర్లు దిద్దుకోవాలన్నారు. దొంగలు తాళం పగలగొడతారని ఇంటికి తలుపే పెట్టించనివాడి తెలివి ఇది.

హెడ్మిస్ట్రెస్ లెక్కల టీచరు. ఉత్తర్వు చదివి, అది తన సబ్జెక్టు కానందుకు సంతోషించి, ఇంగ్లీషు చెప్పే గ్రామరు మాస్టారి చేతిలో పెట్టింది.

"మాస్టారూ, మీ చెవిన వేస్తున్నాను. ఇక నన్నడక్కండి" అంది.

ఆవిడ పాపం ఎరక్కపోయి సరిగ్గా అక్కడే వేసింది. మాస్టారి కుడి చెవి రెండేళ్ళ కిందటే రాజీనామా చేసింది. ఎడమది సెలవు మీద సెలవు పెడుతోంది. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే క్లాసు తీసేసి స్టోరు గదిలో కూర్చోబెడతారని భయం. పైగా బడిలో ఎవరూ కనిపెట్టనూ లేదు. క్లాసులో మాట్లాడేది ఆయన, వినాల్సింది పిల్లలు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి సగం ఊహించుకునేవారు. మిగతా సగానికి "అలాగే, చూద్దాం" అనేవారు. ఉద్యోగంలో నూటికి తొంభై మాటలకు ఆ జవాబు సరిపోతుంది.

ఇంట్లో భార్యకు మాత్రం తెలుసు.

"నాకు తెలియడానికే ఏడాది పట్టింది. పెళ్ళయిన దగ్గర్నుంచీ నా మాట విన్నదెప్పుడు గనక, తేడా కనిపెట్టడానికి?" అనేది. "చెవుల డాక్టరు దగ్గరికి వెళ్దాం పదండి. మిషను ఇస్తారు."

"చెవిలో మిషను పెట్టుకుని వెళ్తే పిల్లలు నవ్వుతారే."

"ఇప్పుడు నవ్వట్లేదని మీకెలా తెలుసు?"

మాస్టారు వినపడనట్టు ఊరుకున్నారు. ఆ సౌకర్యం ఒకటుంది.

పరీక్ష రోజు ముందు రీడింగు పెట్టారు. తేనెటీగల గురించి ఒక పేజీ ఇచ్చి, కింద ప్రశ్నలు వేశారు. పేపరు చేతికందగానే క్లాసంతా గగ్గోలు.

"సార్, ఇది ఏ పాఠంలోది?"

"ఏ పాఠంలోదీ కాదు. చదివి రాయండి."

"చదివా?" అని నోరు తెరిచారు పిల్లలు. గైడులో లేనిది చదవమనడం వాళ్ళకు వెన్నుపోటులా తోచింది. ఒకడు తేనెటీగల ప్రశ్నలన్నిటికీ తన జీవితాశయం డాక్టరు కావడమేనని జవాబు రాశాడు. వాడు కంఠతా పట్టింది అదొక్కటే మరి.

తర్వాత లిస్నింగు. మాస్టారు పెట్టెను బల్ల మీద పెట్టి, మీట నొక్కి, చేతులు కట్టుకుని గంభీరంగా నిలబడ్డారు. రైల్వేస్టేషన్లో ఎవరో ఒకావిడ, ఎవరో ఒక ఉద్యోగి మాట్లాడుకుంటున్నారు. మాస్టారికి అది పక్కింట్లో పిండిమర తిరుగుతున్నట్టు వినపడింది. మనుషులైతే పెదవులు చూసి లాక్కొచ్చేవారే. పెట్టెకు పెదవులు లేవు.

పిల్లలు వెళ్ళిపోయాక, స్టాఫ్‌రూములో తలుపు వేసుకుని, పెట్టెకు ఎడమ చెవి ఆనించి కీ తయారుచేయడానికి కూర్చున్నారు. స్టేషన్లో ఆవిడ ఏం మరిచిపోయింది అన్నది మొదటి ప్రశ్న. కోటా, మేకా, పడవా, చీటీయా? ఇంగ్లీషులో కోటు, గోటు, బోటు, నోటు. చివర 'ఓటు' ఉందన్నంత వరకూ మాస్టారికి ఖాయంగా వినపడింది. ముందున్న అక్షరమే దొరకలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ 'ఓటే'.

వినపడనప్పుడు ఆలోచించాలి. ముప్ఫయ్యేళ్ళుగా పిల్లలకు గ్రామరు చెప్పిన బుర్ర అది. పడవ స్టేషన్లోకి రాదు. చీటీ పోతే ఎవరూ అంత హైరానా పడరు. కోటయితే ఒంటి మీదే ఉంటుంది, మరిచిపోయే వీల్లేదు. పెట్టెలో ఆవిడ గొంతు మాత్రం దాదాపు ఏడుస్తున్నట్టుంది. ప్రాణమున్నదాని కోసమే మనిషి అలా ఏడుస్తుంది. కాబట్టి మేక. ఇంగ్లీషు వాళ్ళు మేకతో ప్రయాణం చేస్తారా అని ఒక్క క్షణం సందేహం కలిగింది కానీ, ఇంగ్లీషు వాళ్ళ గురించి మనకు తెలియనివి ఎన్నో ఉన్నాయని సరిపెట్టుకున్నారు. అదే తర్కంతో పదమూడో ప్లాట్‌ఫారం ముప్ఫయ్యోదయింది. ఆలస్యంగా రావలసిన రైలు ముందుగానే వచ్చేసింది.

ఆ కీ ప్రకారం పేపర్లు దిద్ది పిల్లలకు చూపించారు.

క్లాసులో ఇంగ్లీషు వింటే నిజంగా అర్థమయ్యేది ఒకే ఒక అమ్మాయికి. బస్సు కండక్టరు కూతురు. వాళ్ళ పిన్ని ఏదో కంపెనీలో రోజంతా ఫోన్లలో ఇంగ్లీషువాళ్ళ చేత తిట్లు తినే ఉద్యోగం చేస్తుంది. ఇంట్లో ఆ తిట్లను యథాతథంగా అనుకరించి చూపిస్తుంది. ఆ పిల్ల చెవి అలా పదునెక్కింది. ఆ పిల్లకు పదికి ఒకటి వచ్చింది.

చివరి బెంచీలో కునుకు అనే కుర్రాడున్నాడు. వాడి అసలు పేరు హాజరు పట్టీకి తప్ప ఎవరికీ అక్కర్లేదు. రికార్డు నడుస్తున్నంతసేపూ బెంచీ మీద తల వాల్చి పడుకున్నాడు. పేపర్లు తీసుకుంటున్నారని పక్కవాడు పొడిస్తే లేచి, చెయ్యి ఎటు పోతే అటు టిక్కులు పెట్టాడు. వాడికి తొమ్మిది వచ్చాయి.

హెడ్మిస్ట్రెస్ పొంగిపోయింది. ప్రార్థన దగ్గర పిల్లలందరి ముందూ వాణ్ణి నిలబెట్టి, "శ్రద్ధగా వినడమంటే ఏమిటో వీణ్ణి చూసి నేర్చుకోండి" అంది. వాడు నిలబడే నిద్రపోతున్నాడు. ఉత్తమ శ్రోతగా వాడి పేరు పైఆఫీసుకు వెళ్ళింది. క్లాసులో వాణ్ణి మొదటి బెంచీకి మార్చారు.

కండక్టరు కూతురు ఒక రోజంతా ఆలోచించి స్టాఫ్‌రూముకు వచ్చింది. మాస్టారు తలవంచుకుని పేపర్లు సర్దుకుంటున్నారు. పిల్ల వచ్చి కుడివైపు నిలబడింది.

"మాస్టారూ, ఆవిడ మరిచిపోయింది కోటు కదండీ? మేకని ఎలా వచ్చిందండీ?"

మాస్టారు తలెత్తేసరికి మాట అయిపోయింది. బెరుకు బెరుకుగా చేతులు నలుపుకుంటున్న పిల్ల మాత్రం కనపడింది. ఆ మొహంతో పిల్లలు అడిగేది ఒక్కటే, సెలవు.

"సరే సరే. రేపట్నుంచి రాకపోయినా ఫర్వాలేదు" అన్నారు దయగా.

పిల్ల మొహం పాలిపోయింది. "నేనేమన్నా తప్పుగా అడిగానాండీ?" అంది నేలవైపు చూస్తూ.

"ఊఁ, ఊఁ. ఇంట్లో చెప్పు" అన్నారు మాస్టారు.

ఇంట్లో చెప్పింది.

మర్నాడు పొద్దున్నే వాళ్ళమ్మ కండక్టరు డ్యూటీకి పోతూ పోతూ, మెడలో ఈలతో సహా, కూతుర్ని వెంటబెట్టుకుని హెడ్మిస్ట్రెస్ గదిలోకి వచ్చింది. మాస్టారిని పిలిపించారు. కిక్కిరిసిన బస్సులో ఈ చివర నుంచి ఆ చివరికి వినపడే గొంతు ఆవిడది. చాలాకాలం తర్వాత ఒక మనిషి మాట మాస్టారికి ముక్క పొల్లుపోకుండా వినపడింది. దురదృష్టవశాత్తూ అవి చీవాట్లు.

"ఒక్క మార్కేశారు, సరే. ఎందుకని అడిగితే బడికే రావద్దంటారా? ఇదేం న్యాయం మాస్టారూ?"

"నేను రావద్దనలేదమ్మా. సెలవిచ్చాను."

"సెలవెవరడిగారు?"

హెడ్మిస్ట్రెస్‌కు ఏమీ పాలుపోలేదు. గొడవ తేలాలంటే రికార్డు వినడమే మేలని పెట్టె తెప్పించి బల్ల మీద పెట్టించింది. మీట నొక్కారు. మాస్టారు పెట్టెవైపు చూడలేదు, మనుషుల మొహాలు చూశారు. హెడ్మిస్ట్రెస్ కనుబొమలు ముడిపడ్డాయి. కండక్టరు కూతురివైపు చూసింది. పిల్ల మాస్టారివైపు చూసింది. ఆ చూపులో గెలిచానన్న గర్వం కొంచెమైనా ఉంటే ఆయన తట్టుకునేవారేమో. జాలి ఉంది.

"కోటు అనే అంటోంది కదా మాస్టారూ. నాకే వినపడుతోంది. ఇందులో మేక ఎక్కణ్ణుంచి వచ్చింది?"

"నాకు వినపడలేదు మేడమ్."

"మళ్ళీ పెట్టనా?"

"ఎన్నిసార్లు పెట్టినా అంతే. నాకు చెవుడు."

గదిలో నిశ్శబ్దం మాత్రం ఆయనకు అందరితో సమానంగా వినపడింది.

హెడ్మిస్ట్రెస్ గబుక్కున లేచి తలుపు మూసింది. "ఈ మాట మీరు అనలేదు, నేను వినలేదు. మార్కులు పైకి వెళ్ళిపోయాయి. పైకి వెళ్ళినవి మళ్ళీ కిందికి దిగుతాయా? ఉత్తమ శ్రోత పేరు కూడా పంపాం. పరువు పోతుంది."

"మరి మా పిల్ల పరువో?" అంది కండక్టరు.

మాస్టారు ఆవిడ ముందు చేతులు జోడించారు. "తప్పు నాదమ్మా. మార్కులు నేను తెచ్చిపెడతాను. అమ్మాయిని క్లాసుకు పంపండి."

హెడ్మిస్ట్రెస్ గొణుక్కుంటూనే రికార్డు విని చెప్పింది, మాస్టారు కొత్త కీ రాసి పేపర్లన్నీ మళ్ళీ దిద్దారు. కండక్టరు కూతురికి పదికి పది. కునుకుకు రెండు. సవరించిన మార్కులు పైఆఫీసుకు పంపితే ఉలుకూ పలుకూ లేదు. స్వయంగా వెళ్తానన్నారు మాస్టారు.

"నేనూ వస్తా. వాళ్ళు కాదంటే మీరు అవునన్నారనుకుని తిరిగొచ్చేస్తారు" అంది భార్య.

ఆ ఆఫీసులో ఫిర్యాదులు వినే అధికారికి రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, పెదవులు పూర్తిగా కప్పేసిన మీసం. రెండోది, ఎదుటి కుర్చీ దాటని గొంతు. చెయ్యనన్న మాటను అంత మెల్లగా చెబితే, వచ్చినవాడు చేస్తానన్నాడనుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోతాడు. ఆ విద్యతోనే ఆయన ఆ కుర్చీ దాకా వచ్చాడు.

ఆయన మీసం కదిలింది. మాస్టారికి ఏమీ అందలేదు. ఇదివరకైతే "అలాగే, చూద్దాం" అని లేచి వచ్చేసేవారే. భార్యవైపు చూశారు. తర్వాత, నిండు ఆఫీసులో, "కాస్త గట్టిగా చెప్పండి. నాకు చెవుడు" అన్నారు.

"ఒకసారి ఎక్కించిన మార్కులు మార్చడానికి వీల్లేదండీ."

"ఎందుకని?"

మీసం మళ్ళీ మెల్లగా కదిలింది.

"వినపడలేదండీ."

అధికారి కొంచెం గొంతు పెంచాడు.

"ఏమన్నారూ?"

ఇంకొంచెం పెంచాడు. మాస్టారు ఎడమ చెవి వెనక చెయ్యి పెట్టుకుని బల్ల మీదికి వంగారు. అధికారికి ఓపిక నశించింది.

"మార్కులు మారిస్తే కీ పంపకపోవడం మా తప్పని మేమే ఒప్పుకున్నట్టవుతుందయ్యా!" అని అరిచాడు.

టైపు చేస్తున్న చేతులు ఆగిపోయాయి. వరండాలో వరసలో కూర్చున్నవాళ్ళంతా లేచి గుమ్మంలోకి వచ్చారు. వాళ్ళూ పిల్లల తండ్రులూ తల్లులే, వాళ్ళదీ అదే బాధ. ఇన్నాళ్ళూ మెల్లగా చెప్పిన మాటలు విని, పని అవుతుందనుకుని తిరుగుతున్నవాళ్ళు.

"అయితే తప్పు మీదేనా? మా బడిలో ఆవిడ పడవ మరిచిపోయిందన్నారు!" అన్నాడొకాయన.

"మా దాంట్లో చీటీ అండీ" అంది ఇంకొకావిడ. "పదిమంది పిల్లలు ఫెయిలయ్యారు."

"మాది మేక" అన్నారు మాస్టారు, భార్య చెవిలో చెప్పగానే సంగతి అర్థమై. "మేక నేనే కట్టేశాను. తప్పు ఒప్పుకుంటున్నాను. తమరు కూడా కాస్త ఒప్పుకుంటే పనైపోతుంది."

జనం నవ్వారు. అధికారి నవ్వలేదు, కానీ ఫైలు తెరిచాడు.

వారం తిరక్కుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. పిల్లల బంగారు భవిష్యత్తును దృష్టిలో పెట్టుకుని, పెద్ద మనసుతో, శాఖే కీ పంపుతోందని అందులో రాశారు. తప్పు అన్న మాట ఎక్కడా లేదు. తప్పు లేకుండా ఉత్తర్వు రాయడంలో ఆ శాఖకు సాటి లేదు.

కండక్టరు కూతురికి పది మార్కులూ వచ్చాయి. కునుకు ఉత్తమ శ్రోత పదవి ఊడిందని హెడ్మిస్ట్రెస్ వాణ్ణి ఓదార్చబోయింది. "పోన్లెండి మేడమ్. మొదటి బెంచీలో అసలు నిద్రే పట్టట్లేదు" అని వాడు పుస్తకాలు సర్దుకుని వెనక్కి వెళ్ళిపోయాడు.

మాస్టారిని స్టోరు గదికి పంపలేదు. చెవుడున్న మనిషికి అందరూ గట్టిగా చెప్పాల్సి వస్తుందని, గట్టిగా చెప్పినవి నలుగురూ వింటారని పైఆఫీసు వాళ్ళకు తెలిసొచ్చింది. ఆయన జోలికి పోకపోవడమే మంచిదనుకున్నారు.

ఆ నెలలోనే భార్య ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళి మిషను పెట్టించింది. మొదటిరోజు క్లాసులో అడుగుపెట్టగానే ఆయనకు తల తిరిగింది. ఫ్యాను కీచుమంటోంది, బెంచీలు కిర్రుమంటున్నాయి. పిల్లలు నవ్వారు. కాసేపటికి మానేశారు. మిషను కొత్తదనం అంతసేపే.

మాస్టారు కుర్చీలో సర్దుకుని కూర్చుని, రెండో వరుసలో ఒకణ్ణి లేపి పాఠం పైకి చదవమన్నారు. వాడు హుషారుగా అందుకున్నాడు. మొదటి వాక్యంలోనే 'ఐలాండ్'ను 'ఇస్‌లాండ్' అన్నాడు. మాస్టారు ఉలిక్కిపడ్డారు. తర్వాతి వాక్యంలో 'నైఫ్'ను 'క్నైఫ్' అన్నాడు. పక్కవాణ్ణి లేపారు. వాడూ అంతే. ఆ పక్క పిల్లా అంతే. కండక్టరు కూతురొక్కతే తలవంచుకుని పెదవి కొరుక్కుంటోంది.

"ఏంట్రా ఇది? ఎప్పట్నుంచి ఇలా చదువుతున్నారు?"

"రెండేళ్ళ నుంచీ ఇలాగే చదువుతున్నాం సార్" అన్నాడు ఆ కుర్రాడు అమాయకంగా. "మీరు రోజూ వెరీ గుడ్ అంటారు కదా."

మాస్టారు లేచి, బోర్డు తుడిచి, పుస్తకం మొదటి పేజీకి తిప్పమన్నారు.