అన్నయ్య ఓడిపోయిన వాదం

మా ఆయన నదిలో మునిగిపోయాడని మంత్రి చాటింపు వేయించిన నెల్లాళ్ళకు, కొలువుకూటం గోడ ఆయన గొంతుతో మాట్లాడటం మొదలుపెట్టింది.

దీపాలు పెట్టే వేళకు వినిపించేది. పెద్ద మాటలేం కావు. "ఎవరైనా ఉన్నారా?" అంతే. ఊడ్చేవాళ్ళు చీపుర్లు వదిలేసి పరుగెత్తారు. నేను మాత్రం ఆ చల్లటి రాయికి చెవి ఆనించి కూర్చున్నాను. ఒళ్ళు జలదరించింది, దాంతోపాటే కోపమూ వచ్చింది. బతికున్నన్నాళ్ళూ ఎదుటివాళ్ళను మాట్లాడనిచ్చిన మనిషి కాదు. పోయాక కూడా అదే వరస.

ఆయనా, మా అన్నయ్యా ఇద్దరూ కొలువులో శబ్దశాస్త్ర పండితులు. పలికిన మాట చావదు, రాతిలో ఇంకి ఎప్పుడో తిరిగి పలుకుతుందని మా ఆయన వాదన. నోరు మూస్తే మాట చచ్చినట్టేనని అన్నయ్య. నా పెళ్ళి భోజనాల దగ్గర మొదలైన గొడవ. విస్తళ్ళు ఎత్తేసినా ఇద్దరూ లేవలేదు. అప్పటినుంచీ ఉప్పూ నిప్పూ.

ముసలి రాజుగారు మా ఆయన చేత గుట్టుగా గోడల్లో మాటలు మోసే గొట్టాలు వేయించారు. ఏ గది మాట ఏ గదిలో వినిపిస్తుందో ఆయనొక్కడికే తెలుసు. రాజుగారు మంచాన పడ్డాక మంత్రి ఆ రహస్యం అడిగాడు. ఈయన చెప్పనన్నాడు. మర్నాడే నదిలో మునిగాడన్నారు. శవాన్ని మాత్రం ఎవరూ చూపించలేదు.

అన్నయ్యను తీసుకొచ్చి ఆ గొంతు వినిపించాను. మర్నాడు మళ్ళీ వచ్చి విన్నాడు. మొహం పాలిపోయింది.

"నిన్న దగ్గలేదు, ఇవాళ దగ్గాడు," అన్నాడు మెల్లిగా. "పాత మాటకి కొత్తగా జలుబు చెయ్యదే, పిచ్చిదానా. బావ బతికే ఉన్నాడు. వెనకాల నీళ్ళు కారుతున్న చప్పుడు విను. కింద పాత నీళ్ళగదిలో పెట్టారు."

పరుగెత్తబోతే చెయ్యి పట్టుకున్నాడు. "బతికున్నాడని బయటికి పొక్కిందా, మనం మెట్లు దిగేలోపే చంపేస్తారు."

ఆయన బతికున్నాడని జనం పసిగడతారేమోనని మంత్రికీ భయం పట్టుకున్నట్టుంది. నిండు కొలువులో అన్నయ్యను నిలబెట్టి, "ఇది బతికున్నవాడి గొంతా, చచ్చినవాడి గొంతా?" అని అడిగాడు. నేలమాళిగ మెట్ల దగ్గర భటుడొకడు అతని కనుసైగ కోసం చూస్తున్నాడు.

"చచ్చినవాడిదే," అన్నాడు అన్నయ్య. "మాట చావదన్న మా బావే గెలిచాడు. ఇన్నాళ్ళూ నేనే తప్పు చెప్పాను."

కొలువంతా పగలబడి నవ్వింది. అన్నయ్య చెవులు ఎర్రబడ్డాయి. అయినా జనంవైపు తిరిగి గొంతు పెంచాడు.

"రేపు సాయంత్రం అందరూ రండి, కాపలావాళ్ళతో సహా. ఎంతమంది వింటే ఆ గొంతు అంత తొందరగా అరిగిపోతుంది. పీడ వదిలిపోతుంది."

మంత్రి కాదనలేకపోయాడు. అతనికి కావలసిందీ జనం అలా నమ్మడమే.

మర్నాడు పైన జనమంతా ఆ గొంతు వింటూ వణుకుతుంటే, కింద నేను గునపంతో తాళం పగలగొట్టాను. లోపల మోకాలిలోతు నీళ్ళు. గొట్టానికి నోరు ఆనించి ఒక ఆకారం. "ఎవరైనా ఉన్నారా?" వెనక నీళ్ళు కదిలినా తిరిగి చూడలేదు. అలాంటి చప్పుళ్ళు ఎన్ని విని మోసపోయాడో. నోటిమీద చెయ్యి పెట్టి ఇవతలికి లాగాను. పైన గోడ మూగబోయింది.

ఖాళీ గది చూసుకున్న మంత్రి, చచ్చినవాడు పారిపోయాడని ఎవరితో చెప్పుకుంటాడు?

అన్నయ్య పేరు మాత్రం నవ్వులపాలైంది. శిష్యులు వెళ్ళిపోయారు. తనదే నిజమని ఒక్కమాట అన్నా, మా ఆయన బతికున్నాడని లోకానికి చెప్పినట్టే.

చాలా రోజులకు మేం దాక్కున్న ఇంటికి వచ్చాడు. ఎన్నడూ ఓటమి ఒప్పుకోని మా ఆయన, అన్నయ్య చేతులు పట్టుకుని బావురుమన్నాడు.

"నువ్వు చెప్పిందే నిజం బావా! ఆ చీకట్లో ఎంత అరిచినా, నోరు మూయగానే మాట చచ్చిపోయేది. ఒక్క అరుపు కూడా నాకు తోడు మిగల్లేదు."

ఆ మాట కోసం అన్నయ్య ఎన్నేళ్ళు ఎదురుచూశాడో నాకు తెలుసు. లేచి వెళ్ళి తలుపు గడియ వేసి వచ్చాడు.

"మెల్లిగా బావా," అన్నాడు. "ఎవరైనా వింటారు."