మూడో అంతస్తులో లేని గది

రాతపరీక్షలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్న అమ్మాయి ఇంటర్వ్యూకి రాలేదు.

నగరానికి నీళ్ళు పంపే సంస్థ అది. పంపులన్నిటినీ కనిపెట్టి ఉండే కంప్యూటర్ల గది మూడో అంతస్తులో ఉంది. అక్కడి పన్నెండుమందిలో నెట్‌వర్క్ ఇంజనీరు ఒక్కతే ఆడమనిషి. తొమ్మిదేళ్ళ సర్వీసు. బయటివాళ్ళెవరూ ఆ కంప్యూటర్లలోకి చొరబడకుండా కాపలా కాసే ఫైర్‌వాల్ ఆమె చేతిలో ఉండేది కనక, చిన్నా పెద్దా అందరూ ఆమెను ఫైర్‌వాలక్క అనేవారు.

ఈసారి రెండు ఉద్యోగాలు పడ్డాయి. ఆడపిల్లల్ని కూడా రప్పించమని పైనుంచి ఉత్తరం వస్తే, కాలేజీలకు వెళ్ళి మాట్లాడే పని అక్క నెత్తిన పడింది. "రండమ్మా, ఇదేం మగవాళ్ళ సొత్తు కాదు" అని గొంతు పోయేలా చెప్పింది. తొంభై దరఖాస్తుల్లో ఆడపిల్లలవి నాలుగే. పరీక్ష గట్టెక్కింది ఈ ఒక్కతే.

"చూశారా, పిలిచి పీట వేసినా రారు," అన్నాడు పెద్దసారు, ఆ పేరు మీద గీత కొడుతూ. ఆ రోజు ఒక ఉద్యోగమే భర్తీ అయింది. రెండోదానికి ఎవరూ సరిపోలేదు.

అక్కకు కుర్చీలో కుదురు లేకపోయింది. వరండాలోకి వెళ్ళి ఆ అమ్మాయికి ఫోన్ చేసింది.

"ఎందుకు రాలేదమ్మా?"

"వచ్చాను మేడమ్. ముందురోజే వచ్చాను, పనిచేసే చోటు చూద్దామని. మూడో అంతస్తులో ఆడవాళ్ళ బాత్రూమ్ ఎక్కడని వాచ్‌మన్‌ని అడిగితే లేదన్నాడు. కింద ఒకటుందట, దానికి తాళమట, తాళంచెవి రిసెప్షన్‌లో అడగాలట. పన్నెండు గంటల డ్యూటీ కదా... మీరెలా ఉంటున్నారు మేడమ్?"

అక్క మళ్ళీ చేస్తానని చెప్పి పెట్టేసింది.

ఎలా ఉంటోంది? పొద్దున ఇంట్లో అరగ్లాసు నీళ్ళు తాగి బయల్దేరితే, మళ్ళీ ఇల్లు చేరేదాకా గొంతు తడుపుకునేది కాదు. ఇక ఆపుకోలేనప్పుడే మెట్లు దిగి తాళంచెవి అడిగేది. రెండుసార్లు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మంచం పట్టింది. ఆఫీసులో మాత్రం మామూలు జ్వరమని చెప్పింది. ఆ సంగతి ఎవరి కంటా పడనివ్వకపోవడమే తన గట్టిదనం అనుకుంది ఇన్నాళ్ళూ.

ఆ సాయంత్రం ఇంట్లో హాలు నుంచి వంటింటికీ, వంటింటి నుంచి హాలుకీ తిరుగుతూనే ఉంది.

"కాలుగాలిన పిల్లిలా ఏంటే ఆ తిరుగుడు? కూర్చో," అంది అత్తగారు. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి.

కూర్చుని చెప్పింది. అత్తగారు టీవీ ఆపేసింది.

"మా ఎక్స్ఛేంజీలో నలభైమందిమి ఆడవాళ్ళమే. మాకో గది, అందులో అద్దం, నడుం వాల్చడానికి బల్ల కూడా ఉండేవి. కొత్త మిషన్లొచ్చాయి, వాటితో మగపిల్లలొచ్చారు. ముందు ఆ గదిలో సామాన్లు పెట్టారు. తర్వాత మమ్మల్ని పంపేశారు. అప్పుడే అడగాల్సింది, ఎవరమూ అడగలేదు." ఆవిడ కోడలి వైపు తిరిగింది. "నువ్వు ఓర్చుకున్నావు సరే. అందరూ ఓర్చుకుంటేనే రావాలా?"

మర్నాడు అక్క నేరుగా పెద్దసారు గదికి వెళ్ళింది. విషయం విని ఆయన నిజంగానే నోరు తెరిచాడు.

"తొమ్మిదేళ్ళలో ఒక్కసారైనా అడగలేదేంటమ్మా? అడగందే అమ్మైనా పెట్టదు కదా!"

"అడిగితే, ఆడవాళ్ళొస్తే ఇదే గోల అంటారు సార్. ఇంకొకర్ని తీసుకోరు."

"ఛ, ఎవరంటారు?" అన్నాడు గానీ, తర్వాత నీళ్ళు నమిలాడు. "కొత్తది కట్టాలంటే పైకి రాయాలి, మనుషులొచ్చి కొలవాలి... ఏడాది పడుతుంది."

"కట్టక్కర్లేదు సార్. మన అంతస్తులో రెండున్నాయి, రెండూ మగవాళ్ళవే. ఒకదాని బోర్డు మారిస్తే చాలు."

ఆయన ఆలోచిస్తూనే ఉన్నాడు. అక్క తన డ్రాయర్లోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని వెళ్ళి బోర్డు ఊడదీసింది. చుట్టూ నలుగురు పోగయ్యారు.

"ఇక మేం క్యూ కట్టాలా అక్కా?" అన్నాడు వాళ్ళలో సీనియరు, నవ్వుతూనే.

"మూడు నెలలు కట్టి చూడు. నేను తొమ్మిదేళ్ళు మెట్లు దిగాను."

అతని నవ్వు ఆగిపోయింది. ఆమె చేతిలోని మరలు అందుకున్నాడు. పెద్దసారు గుమ్మంలో నిలబడి చూశాడు గాని అడ్డుచెప్పలేదు.

మధ్యాహ్నం అక్క ఆ అమ్మాయి పనిచేసే ఫోన్ల రిపేరు షాపుకి వెళ్ళింది. పిల్ల భూతద్దం కంటికి పెట్టుకుని ఏదో అతుకుతోంది. బోర్డు మార్చిన సంగతీ, రెండో ఉద్యోగం ఇంకా ఖాళీగా ఉన్న సంగతీ అక్క చెప్పింది.

"ఒక్క బోర్డు మార్చారని వచ్చేయమంటారా?" అంది తలెత్తకుండానే. "నైట్ డ్యూటీ అయితే ఇంటికెవరు దింపుతారు? పని ఎవరు నేర్పుతారు?"

"బండి సంస్థదే, ఆ సంగతి రాయించి తెస్తా. పని నేను నేర్పుతా." అక్క ఒక్క క్షణం ఆగింది. అబద్ధమాడాలనిపించలేదు. "కానీ తెలిసిన సంగతే నీకు మళ్ళీ విడమర్చి చెబుతారు. నువ్వు చెప్పింది వినరు, అదే మాట పక్కవాడంటే ఆహా అంటారు. ఒళ్ళు మండుతుంది."

పిల్ల భూతద్దం తీసింది. "కాలేజీలో ఇవేమీ చెప్పలేదే మీరు?"

"చెప్పాల్సింది."

వారం తర్వాత జరిగిన రెండో ఇంటర్వ్యూకి ఆ పిల్ల వచ్చింది. వాళ్ళు అడిగినవాటికన్నా తను అడిగినవే ఎక్కువ. పెద్దసారు చెమట తుడుచుకుంటూ సంతకం పెట్టాడు.

చేరిన రెండో నెలలో, ఓ ఉదయం, ఆ పిల్ల తన స్క్రీను ముందు నుంచే కేకేసింది.

"అక్కా, ఫైర్‌వాల్‌లో ఈ రూల్ ఎవరు రాశారు? తూర్పు పంపు చెడితే వచ్చే హెచ్చరికను ఇదే ఆపేస్తోంది."

"నేనే. ఆరేళ్ళుగా నడుస్తోంది. సరిగ్గా చూడు."

"చూశాను. తప్పుంది."

గదిలో కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. నిన్నగాక మొన్నొచ్చిన పిల్ల! అక్క విసురుగా కుర్చీ లాక్కుని పక్కన కూర్చుని, ఒక్కో వరుసా చదివింది. పదకొండో వరుసలో ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది.

"నిజమే," అంది. "ఎలా సరిచేస్తావో చెప్పు."